మినుము అమ్మది

మా ఇంట్లో వరి నాన్నది, మినుము అమ్మది. ఎవరో పంచిపెట్టింది కాదు, కాగితం మీద రాసుకున్నదీ కాదు. వరి అమ్మిన డబ్బు నాన్న జేబులోకి వచ్చి, అక్కడ ఒక పూటైనా నిలవకుండా ఎరువుల కొట్టుకీ, కౌలుకీ, పాత బాకీలకీ వెళ్ళిపోయేది. మాకు సొంతం రెండెకరాలు, కౌలుకు ఇంకో మూడు. మినుములు అమ్మిన డబ్బు మాత్రం అమ్మ ట్రంకుపెట్టెలో, పెళ్ళినాటి పట్టుచీర మడతలో ఉండేది. మా స్కూలు ఫీజులు, ఉగాది బట్టలు, నాయనమ్మ కళ్ళజోడు, చుట్టాల పెళ్ళికి పెట్టాల్సిన చీర, అన్నీ ఆ మడతలోంచే వచ్చేవి. నాన్న కూడా చుట్టలకు చిల్లర లేనప్పుడు ట్రంకుపెట్టె పక్కకొచ్చి ఏదో వెతుకుతున్నట్టు నిలబడేవాడు. అమ్మ చూసీ చూడనట్టు ఓ పది నిమిషాలు నిలబెట్టి, అప్పుడు ఇచ్చేది.

మాది దివిసీమ. కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోట, ఆ పాయల మధ్య ఉన్న నేల. కాలవకు చివరి ఊళ్ళు మావి. పులిగడ్డ అక్విడక్టు మీదుగా నీళ్ళు నదిని దాటి మా వైపు రావాలి. పై ఊళ్ళవాళ్ళు ఊడ్పులు ముగించి కలుపు తీసుకుంటుంటే మేం ఇంకా కాలవ వంక చూస్తూ ఉండేవాళ్ళం. నాట్లు ఆలస్యం, అందుకని కోతలూ ఆలస్యం. డిసెంబరు సగం గడిస్తే గాని చేలో కొడవలి పడేది కాదు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు మూడేళ్ళు. నాకేం గుర్తు లేదు. కానీ మా ఇంట్లో కాలమంతా దానికి ముందు, దాని తర్వాత అని రెండు ముక్కలు. "ఆ కంచు చెంబు ఉప్పెనకు ముందుది", "ఈ గేదె తల్లి ఉప్పెన తర్వాత కొన్నది". నేను చెప్పేది ఆ తర్వాత ఎనిమిది పదేళ్ళకు సంగతి. చేలల్లో ఉప్పు పోయి, నేల మళ్ళీ కుదుటపడ్డాక.

మినుము చల్లేది వరి కోశాక కాదు, వరి ఇంకా నిలబడి ఉండగానే. పట్నంలో పెరిగిన మా పిల్లలకు ఈ ముక్క చెబితే "అదెలా మమ్మీ?" అంటారు. కోతకు రెండు మూడు రోజుల ముందు, మడిలో నీళ్ళు తీసేసి నేల మెత్తగా పదును మీద ఉన్నప్పుడు, పండిన వెన్నుల మధ్య నడుచుకుంటూ గింజలు చల్లాలి. ఎకరానికి 16 కిలోలు. పదును ఎక్కువైతే గింజ కుళ్ళుతుంది, తక్కువైతే మొలవదు. ఆ రోజు ఏదో తేల్చేది అమ్మే. గట్టు మీద చెప్పులు విడిచి మడిలోకి నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి తన పాదం గుర్తు చూసుకునేది. గుర్తులో నీరు ఊరితే "రేపు కాదు, ఎల్లుండి" అనేది. వరి విషయంలో నాన్న అమ్మ మాట వినడం నేనెప్పుడూ చూడలేదు. కానీ కోత మనుషులను ఏ రోజు పిలవాలో మాత్రం అమ్మ పాదాన్ని బట్టే నిర్ణయం అయ్యేది.

చల్లాక ఇక దానికి నీళ్ళు పెట్టేది లేదు. కోతవాళ్ళ కాళ్ళ కింద గింజ మట్టిలోకి దిగుతుంది. కోసి పైన పడుకోబెట్టిన వరి పనలు ఎండేలోపు కింద మొలక వస్తుంది. ఆ తర్వాత నేలలో మిగిలిన తడి, రాత్రి కురిసే మంచు, అంతే. "మంచుకు పండే పంట" అనేది నాయనమ్మ. ఏ ఖర్చూ లేకుండా వచ్చే పంట కాబట్టే మగవాళ్ళు దాన్ని పెద్దగా లెక్కలోకి తీసుకునేవాళ్ళు కాదని, అందుకే అది ఆడవాళ్ళ చేతికి మిగిలిందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పట్లో ఇంత ఆలోచన లేదు.

కోతలు, సంక్రాంతి, గొబ్బెమ్మలు, హరిదాసు, ఇవన్నీ చాలామంది రాశారు, నాకంటే బాగా రాశారు. నాకు బాగా గుర్తున్నది పరిగె. పనలు కట్టలు కట్టి కుప్పకు మోసేటప్పుడు చేలో రాలిపోయిన వెన్నులు ఏరుకోవడం. మా సొంత చేలో మేం పరిగె ఏరుతుంటే నాయనమ్మకు కోపం. "అది లేనివాళ్ళ హక్కే పిల్లా! వాళ్ళతో మీకు పోటీ ఏంటి?" అని గట్టు మీదనుంచే కేకలేసేది. కూలికొచ్చిన వాళ్ళ పిల్లలు ఏరుకుని వెళ్ళాక, మిగిలినవాటి కోసం నేనూ తమ్ముడూ దిగేవాళ్ళం. ఒళ్ళో వేసుకొచ్చి, అరుగు మీద కాళ్ళతో నలిపి, ఊది, ఆ గుప్పెళ్ళ గింజలు ఊళ్ళోకొచ్చే జీళ్ళ అతనికి ఇస్తే మరమరాల ఉండలు, బెల్లం జీళ్ళు ఇచ్చేవాడు. మా కొలతకూ అతని కొలతకూ ఎప్పుడూ కుదిరేది కాదు. అతను మమ్మల్ని మోసం చేస్తున్నాడని తమ్ముడికి గట్టి నమ్మకం. మేమూ గింజల్లో తాలు కలిపేవాళ్ళం గనక నేను మాట్లాడేదాన్ని కాదు.

ఆ పరిగె ఏరే రోజుల్లో అమ్మ అరుపు ఒకటే. "మొలక తొక్కకండే!" వరి మోళ్ళ మధ్య రెండేసి ఆకులతో మినుము మొలకలు ఉండేవి. మాకు వెన్నులే కనిపించేవి, అమ్మకు మొలకలే కనిపించేవి.

మాఘం వచ్చేసరికి మా ఊరి రంగు మారిపోయేది. నాలుగు నెలల క్రితం ఎటు చూసినా నీళ్ళు, బురద. ఇప్పుడు మోకాలి కింద దాకా కమ్ముకున్న మినుము చేలు, వాటి పక్కన పశువుల మేతకు చల్లిన జనుము చేలు. జనుము పూస్తే మడి మొత్తం పసుపు. పొద్దున్నే స్కూలుకు గట్ల మీద నడిచి వెళ్తే పావడా అంచు మంచుకు తడిసి కాళ్ళకు అంటుకునేది. స్కూల్లో కూర్చున్నాక పదింటి దాకా ఆరేది కాదు. వసంతం అంటే మావిడిపూత, కోయిల అని తెలుగు వాచకంలో చదివేదాన్ని. మా వైపు వసంతం అంటే తడి పావడా.

ఇంకోటి కూడా ఉండేది, బంగారు తీగ. ఆకు ఉండదు, వేరు ఉండదు, పసుపు దారంలా మినుము మొక్కలను అల్లుకుని, వాటి సారం పీల్చి బతుకుతుంది. పేరు ఎవరు పెట్టారో గానీ, రైతు ఏడుపుకు ఇంత అందమైన పేరు ఇంకోటి లేదు. ఆ సంగతి తెలియని వయసులో నేను దాన్ని తెంపి మెళ్ళో గొలుసులాగా, నడుముకు వడ్డాణంలాగా చుట్టుకుని గట్లన్నీ తిరిగాను. రెండో వరస గొలుసు తమ్ముడికి కూడా వేశాను. తెంపిన ముక్క పడ్డచోటల్లా అది మళ్ళీ అల్లుకుంటుందని అప్పుడు తెలియదు. పది రోజులకు మా చేలో నాలుగైదు చోట్ల చాపంత మేర పసుపు మచ్చలు. అమ్మ ఏమీ అనకుండా ఆ మచ్చలున్న చోటల్లా మినుముతో సహా పీకించి, గట్టు మీద వేసి తగలబెట్టించింది. పూత మీద ఉన్న మొక్కలు. నన్ను పక్కన నిలబెట్టి చూపించింది. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని.

మాఘ పౌర్ణమికి హంసలదీవి తిరనాళ్ళు. బండిలో ఎండుగడ్డి పరిచి, పైన దుప్పటి వేసి, రాత్రి అన్నాలు తిని బయల్దేరితే సంగమం దగ్గర పొద్దుటి స్నానానికి అందుకునేవాళ్ళం. మా ఎడ్లలో నామాలోడు బుద్ధిమంతుడు, రెండోది దారిలో కనిపించిన ప్రతి గడ్డిమేటు దగ్గరా ఆగేది. నాన్న దాన్ని తిట్టే తిట్లు వింటూ నిద్రపోయి, సముద్రం హోరుకు మెలకువ వచ్చేది. నది నీళ్ళూ సముద్రం నీళ్ళూ కలిసేచోట మునిగి, వేణుగోపాలస్వామిని చూసుకుని, జీళ్ళు కొనుక్కుని వచ్చేసేవాళ్ళం. అమ్మ మాత్రం దారి పొడుగునా ఊరూరి మినుము చేలు చూసుకుంటూ వచ్చేది. "వీళ్ళది కాయ గట్టిపడింది. మనది ఇంకో పది రోజులు."

ఆ పది రోజులు అయ్యాక మా ఇంట్లో నిద్ర ఉండేది కాదు. మినుము పీకుడు తెల్లవారుజామునే జరగాలి. మంచుకు కాయ మెత్తబడి ఉన్నప్పుడు పీకితే గింజ నిలుస్తుంది. ఎండెక్కితే ఎండిన కాయ ముట్టుకుంటే చాలు, చిటుక్కున పగిలి గింజలన్నీ నేలపాలు. నాలుగింటికల్లా పీకుడు మనుషులు లాంతర్లతో మా వాకిట్లో ఉండేవాళ్ళు. అమ్మ వాళ్ళకు ఇత్తడి గిన్నె నిండా కాఫీ పెట్టేది. వరికోతకు వచ్చినప్పుడు మజ్జిగన్నమే, కాఫీ లేదు. మినుముకే ఆ మర్యాద. పీకుడు మనుషుల్లో పెద్దావిడ ఒకామె అమ్మను "వదినా" అని పిలిచేది. పని మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఊళ్ళో సంగతులన్నీ చెబుతూ, నోరు ఎంత వేగమో చెయ్యీ అంత వేగంగా నడిపేది. చీకట్లో మనిషి కనిపించేది కాదు. గొంతు ఎటు వెళ్తుందో దాన్ని బట్టి ఆవిడ ఏ మడిలో ఉందో తెలిసేది.

అమ్మ కూడా వాళ్ళతో పాటు వంగేది. మొదట్లో నన్ను కట్టలు మోయడానికే పిలిచేది. పన్నెండో ఏడు వచ్చాక పీకడం నేర్పింది. మొదలు దగ్గర పట్టుకుని, గుంజకుండా, కొంచెం మెలితిప్పినట్టు లాగాలి. వేళ్ళకు అంటుకున్న మట్టిని పాదం మీద టక్ టక్ మని కొట్టి దులపాలి. తర్వాత వేళ్ళు పైకి, కాయలు కిందికి ఉండేట్టు బోర్లా పెట్టాలి. ఎందుకని అడిగితే "ఎండ ముందు వేళ్ళకు తగలాలి, కాయకు కాదు" అంది. వేళ్ళకు ఆవగింజలంత బుడిపెలు ఉండేవి. ఏదో తెగులు అనుకుని భయపడ్డాను. అవి గాలిలోని నత్రజనిని పట్టి నేలకు బలం ఇస్తాయని తర్వాత సైన్సు మాస్టారు చెప్పారు. ఇంటికొచ్చి అమ్మకు చెప్తే, "మినుము వేసిన మడిలో వరి బాగా పండుద్దని మా అమ్మ చెప్పింది. మీ మాస్టారికి ఎవరు చెప్పారో" అంది.

పొద్దెక్కేసరికి పని ఆపేసేవాళ్ళం. నా నడుం నాది కాదన్నట్టు ఉండేది. చేతులు నల్లగా, జిగటగా. ఆ చేతులతోనే గట్టు మీద కూర్చుని చద్దన్నం, ఆవకాయ తినేదాన్ని. నిరుటి ఆవకాయ, జాడీ అడుగుది, ముక్క మెత్తగా నానిపోయి ఉండేది.

ఇక వాన సంగతి. నాకు పదమూడో ఏడు అనుకుంటా. ఆ ఏడు ట్రాక్టరు దొరక్క వరి కుప్ప నూర్పిడి బాగా ఆలస్యమై, ఫాల్గుణంలోకి వచ్చింది. ధాన్యం తూర్పారబట్టి కళ్ళంలోనే రాశి పోసి ఉంది. ఇంట్లో ధాన్యం నిలవ చేసే పురి కట్టడానికి గడ్డి వెంటి, అంటే గడ్డి తాడు, పేనుతున్నారు. కళ్ళం రెండో వైపు పీకి మోసుకొచ్చిన మినుము కట్టలు, మా ఇంటి ఎత్తున. రాశి కొలిచేటప్పుడు "ఒకటి" అనరు, "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు అని లెక్కపెడతారు. ఆ ఏడు నాన్న లాభం అని కొలవడం మొదలుపెట్టాడు గానీ, సగం రాశి కొలవకముందే ధాన్యం బేరం మాట్లాడ్డానికి అవనిగడ్డ వెళ్ళాల్సి వచ్చింది.

ఆ రాత్రి సముద్రం వైపు నుంచి గాలి మారింది. నాయనమ్మ మంచం మీదనుంచే ముక్కుతో గాలి పీల్చి "వానే!" అంది. మాకు ఉన్నది ఒక్కటే బరకం, వానకు కప్పే పెద్ద పట్టా. మంచి బరకం అంటే, చిరుగు లేనిది. అమ్మ, నేను, తమ్ముడు లాంతరు పట్టుకుని కళ్ళానికి పరిగెత్తాం. చినుకులు మొదలయ్యాయి. అమ్మ బరకం భుజాన వేసుకుని రాశికీ మినుము కట్టలకూ మధ్య నిలబడింది. ఎంతసేపో కాదు, నాలుగైదు క్షణాలు ఉంటుందేమో. నాకైతే ఇప్పటికీ ఆమె అలా నిలబడే ఉన్నట్టు ఉంటుంది. తర్వాత బరకం విప్పి ధాన్యం మీద కప్పింది. చుట్టూ మట్టిపెళ్ళలు బరువు పెట్టాం. మినుముకు ఇంట్లో ఉన్న పాత చీరలు, గోనెసంచులు, తాటాకులు, దొరికిందల్లా కప్పాం. ఆగే వాన అయితే ఆగేదే. ఆగలేదు.

పొద్దున నాన్న బస్సు దిగి నేరుగా కళ్ళానికి వచ్చాడు. రాశి పొడిగా ఉంది. మినుము కట్టలు నానిపోయి ఆవిర్లు కక్కుతున్నాయి. నాన్న బరకం అంచు ఎత్తి చూసి, కాసేపు ఆగి, "ధాన్యం తడిసినా ఉప్పుడు బియ్యానికన్నా తీసుకునేవాళ్ళే. మినుముకు కప్పాల్సింది" అన్నాడు.

నిజమే. లెక్క ప్రకారం నాన్న చెప్పిందే సరైంది. కానీ ఆ మాట ఆ పొద్దున చెప్పాల్సింది కాదు. అమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, మజ్జిగ పోసేది, మాట మాత్రం లేదు. ఏదన్నా చెప్పాల్సి వస్తే మధ్యలో నాయనమ్మ. "అత్తయ్యా, ఎడ్లకు కుడితి పెట్టారేమో అడగండి." ఎడ్లకు కుడితి పెట్టాల్సినవాడు మూడడుగుల దూరంలో కూర్చుని ఉండేవాడు. నాయనమ్మకు ఇది భలే సరదాగా ఉండేది. "అబ్బాయ్, ఎడ్లు అడుగుతున్నాయిరా, నువ్వు బానే ఉన్నావా అని" అనేది.

ఆ మినుమును కట్టలు విప్పి తారురోడ్డు మీద, నులకమంచాల మీద, అరుగుల మీద, ఎక్కడ ఎండ ఉంటే అక్కడ ఆరబోశాం. కొన్ని కాయల్లోనే మొలకెత్తాయి. గింజ నునుపు పోయి బూడిదరంగు తిరిగింది. కొనడానికి వచ్చినతను గుప్పెడు తీసుకుని, ఒకటి పంటికింద కొరికి, ధర సగానికి దించాడు. అమ్మ బేరం ఆడలేదు. మామూలుగా ఆవిడ బేరం మొదలుపెడితే అతను రెండుసార్లు సైకిలెక్కి దిగేవాడు.

ఆ ఉగాదికి నాకు వెండిపట్టీలు రావాల్సింది. రాలేదు. నేను అడగలేదు, అమ్మ చెప్పలేదు. అమ్మకానికి పనికిరాని మినుములు మాత్రం ఇంట్లో రెండు బస్తాలు మిగిలాయి. వాటితో ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో గారెలు, సున్నుండలు, మినపరొట్టె, అప్పడాలు, వడియాలు. నిప్పుల మీద పెట్టిన ఇత్తడి గిన్నెలో, మూత మీద కూడా నిప్పులు వేసి కాల్చే మందపాటి రొట్టె, అడుగు ఎర్రగా మాడీ మాడకుండా. చెరుకుపానకంతో తినేవాళ్ళం. ఆ సంవత్సరం తిన్నంత బాగా మేమెప్పుడూ తినలేదని తమ్ముడు ఇప్పటికీ అంటాడు. వాడికి వాన గుర్తు లేదు, రొట్టె గుర్తుంది. నాన్న ఓ రోజు రొట్టె ముక్క విరుచుకుంటూ, ఎవరితోనూ కాదన్నట్టు, "తడిసిన మినుముక్కూడా రుచి ఉందే" అన్నాడు. అమ్మ ఇంకో ముక్క వేసింది. అప్పటికి మాటలు మొదలై చాలా రోజులైంది గానీ, ఆ గొడవ తీరింది మాత్రం ఆ పూటే అని నా లెక్క.

నాన్న పోయాక కౌలు పొలం వదిలేశాం. సొంతది కౌలుకు ఇచ్చాం. అమ్మ నా దగ్గరే హైదరాబాద్‌లో ఉంటోంది. ఇప్పుడు మా చేలో వరిని మిషను కోస్తుంది. ఉదయం దిగితే మధ్యాహ్నానికి ధాన్యం సంచుల్లో ఉంటుంది. కుప్ప లేదు, నూర్పిడి లేదు, పరిగె అసలే లేదు. మిషను చక్రాల కింద ముందుగా చల్లిన మినుము నలిగిపోతుందని కౌలుకు చేసే అబ్బాయి మొదట్లో కోత అయ్యాక చల్లి చూశాడు. అప్పటికి పదును ఆరిపోయి సరిగ్గా మొలవలేదు. ఇప్పుడు మొక్కజొన్న వేస్తున్నాడు. దుక్కి లేకుండానే వరి మోళ్ళ మధ్య గుంటలు చేసి గింజ పెడతారు. నీళ్ళు కావాలి, ఎరువులు కావాలి, డబ్బులూ బాగానే వస్తాయి. అతన్ని తప్పు పట్టడానికేం లేదు. నేనైనా అదే చేసేదాన్ని.

కిందటేడు ఫాల్గుణంలో కౌలు కాగితాల పని మీద ఊరు వెళ్తే అమ్మ కూడా వస్తానంది. మోకాళ్ళ నొప్పులు, గట్టు మీద నడవలేవు అని చెప్పినా వినలేదు. పొద్దున్నే ఆటో మాట్లాడుకుని కాలవ వంతెన దాకా వెళ్ళి, అక్కడ్నుంచి నా చెయ్యి పట్టుకుని నడిచింది. మొక్కజొన్న మనిషెత్తు ఉంది. లోపల మోటారు శబ్దం. గట్టు వార, ఎప్పటి గింజలు పడి మొలిచాయో, మూడు నాలుగు మినుము మొక్కలు ఉన్నాయి. కాయలు నల్లబడి ఉన్నాయి. అమ్మ నా చెయ్యి వదిలేసి వంగింది. మొదలు పట్టుకుని మెల్లగా మెలితిప్పి లాగింది. పాదం మీద రెండుసార్లు కొట్టి మట్టి దులిపింది. వేళ్ళు పైకి వచ్చేట్టు గట్టు మీద బోర్లా పెట్టింది. తర్వాత రెండోది. మూడోది.

కౌలు చేసే అబ్బాయి మా మాటలు విని చేలోంచి బయటికి వచ్చాడు. "ఏంటి పెద్దమ్మగారూ, కలుపా? నేను మనిషిని పెట్టి తీయిస్తాను కదండీ" అన్నాడు.

"కలుపు కాదులే అబ్బాయ్" అంది అమ్మ, నాలుగో మొక్క మొదలు పట్టుకుంటూ. "పొద్దెక్కితే కాయ పగిలిపోద్ది."